వోల్గమ్మకు సారె

ఆ రోజుల్లో మా ధర్మవరం వాళ్లకు ఏరు అంటే ఇసుక. చిత్రావతి అనే పేరు మాత్రం నిండుగా ఉండేది. అందులో నీళ్లు ఏడాదికి పది రోజులు, అదీ మోకాళ్ల లోతు. మిగతా దినాల్లో ఆ ఏట్లో నడిచే అవతలి ఊళ్లకు పోయేవాళ్లం, చెప్పులు విప్పాల్సిన పని కూడా ఉండేది కాదు (విప్పితే అరికాళ్లు కాలేవి). నీళ్లు అంటే మాకు బిందెలో ఉండేవి, బావి అడుగున ఉండేవి, ఇంకా మబ్బులో ఉండి రాప్తాడు మీదుగా వేరే ఎవరి ఊరికో వెళ్లిపోయేవి. అవతలి గట్టు కంటికి సరిగా ఆననంత వెడల్పున నీళ్లు పారతాయని పుస్తకంలో చదివితే, రాసినాయన కొంచెం పెంచి రాసి ఉంటాడులే అనుకునేవాణ్ణి. అలాంటి నేను ఇరవై మూడో ఏట, ఒళ్లో పసుపు కుంకుమల మూట పెట్టుకుని, రష్యా దేశపు రైల్లో తెల్లవార్లూ ఒక నది కోసం కాపలా కాశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వు వస్తుంది.

ఆ మూట కథ మా అమ్మది. నాకు ఆరేళ్లప్పుడు విషజ్వరం వచ్చిందట. డాక్టరు పెదవి విరిచేస్తే అమ్మ పోయి చిత్రావతి ఇసుకలో కూర్చుని గంగమ్మకు మొక్కుకుంది. బిడ్డ లేచి తిరిగితే, నువ్వు రెండు గట్లూ ఒరుసుకుని పారిన రోజున నీకు సారె పెట్టుకుంటాను, వాడి చేత్తోనే నీ ఒళ్లో విడిపిస్తాను అని. నేను నాలుగో రోజుకల్లా లేచి అన్నం అడిగాను. గంగమ్మ తన వంతు పని చేసేసింది. చిక్కంతా ఆ రెండు గట్ల షరతుతో వచ్చింది. మోకాళ్ల లోతు పారినప్పుడే విడిచేద్దామని నాయన ఎన్నిసార్లు అన్నా అమ్మ ఒప్పుకోలేదు. ఒకే ఒక్కసారి, నాకు పద్నాలుగేళ్లప్పుడు, చిత్రావతి నిజంగానే గట్లు ఒరుసుకుని వచ్చింది. ఆ రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని కుందుర్పిలో చిన్నమ్మ కూతురి పెళ్లిలో ఉంది. కబురు తెలిసి, తాళి కట్టీ కట్టకముందే బస్సెక్కి వచ్చేసరికి ఏట్లో గుంటలు మిగిలాయి, గుంటల్లో కప్పలు మిగిలాయి. ఆనాటి నుంచి అమ్మ ఊరు దాటి పెళ్లిళ్లకు పోవడం మానేసింది. మొక్కు తీరకపోతే ఇచ్చిన బిడ్డను గంగమ్మ మళ్లీ అడుగుతుందని ఆమె భయం. నేను తుమ్మినా ఏటి దిక్కు తిరిగి చెంపలు వేసుకునేది.

ఎనభైల మొదట్లో మన చేనేతలను రష్యాలో ప్రదర్శనకు పెడుతున్నారని, జనం ముందు కూర్చుని పట్టు చీర నేసి చూపించే మనిషి ఒకడు, రంగులద్ది చూపించే మనిషి ఒకడు కావాలని మా ఊరికి కబురొచ్చింది. నన్ను ఎంచుకున్నది పనితనం చూసి అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను గానీ, నిజానికి నాకంటే బాగా నేసేవాళ్లందరూ విమానం ఎక్కం అన్నారు. రంగుల పనికి మా వీధి చివరి రంగులన్న ఒప్పుకున్నాడు. ఆయన తాతల నాటి నుంచి పట్టుకు రంగులద్దే ముస్లిం కుటుంబం వాడు, నాకంటే పదేళ్లు పెద్ద, చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. (పాస్‌పోర్టు ఫోటో రోజున ఊదా రంగు.)

నేను బయలుదేరే ముందు రోజు అమ్మ పెట్టె తీసి, అడుగున ఒక మూట పెట్టింది. నాయన నేసిన పట్టు రవికె గుడ్డలో పసుపు, కుంకుమ, డజను ఆకుపచ్చ గాజులు, వక్కలు, ఒక రూపాయి బిళ్ల. పదిహేడేళ్లుగా దేవుడి గూట్లో ఉన్న సారె అది. పసుపు మాత్రం ఏటేటా మార్చేది.

"మన ఏరు మనకు ల్యాకపాయ. నువ్వు పోయే తావున పెద్ద ఏరు ఉంటాదంట. గంగమ్మ యాడున్నా గంగమ్మే. రెండు గట్లూ నిండినేది చూసి, నీ చేత్తోనే ఇడువు నాయనా. నేనింగ మోయలేను ఈ మొక్కు" అంది.

ఆ చివరి మాట అని ఆమె పెట్టె పక్కనే చతికిలబడింది. అంతవరకూ ఆ మూటను చూసి నవ్వుకునే నేను దాన్ని పెట్టె అడుగు నుంచి తీసి చంకసంచిలోకి మార్చుకున్నాను.

విమానం సంగతి వదిలేయండి, అందులో నేను కళ్లు తెరవలేదు. మాస్కోలో మా కోసం ఒక దుబాసీ అమ్మాయిని పెట్టారు. ఆమెకు రష్యన్, హిందీ వచ్చు. నాకు హిందీ రాదు. రంగులన్నకు ఇంట్లో మాట్లాడే ఉర్దూ ఉంది. అందుకని రష్యా వాళ్లు ఏం చెప్పినా ఆమె నుంచి రంగులన్నకు, ఆయన నుంచి నాకు అందేది. దారిలో చాలా ఆవిరైపోయేది. ఒక పెద్దాయన మైకు ముందు పావుగంట మాట్లాడితే ఆ అమ్మాయి నాలుగు ముక్కలు చెప్పింది, రంగులన్న నా వైపు తిరిగి, "రండి అంటాండాడు" అన్నాడు.

బస్సులో పోతుంటే రాతి గోడల మధ్య ఒక నది కనబడింది. నేను సంచి పట్టుకుని లేచాను. అమ్మాయి సంగతి తెలుసుకుని నవ్వి, ఇది చిన్నది, రేపు రాత్రి రైల్లో కజాన్ ఊరికి పోతున్నాం కదా, తెల్లవారాక వోల్గా దాటుతాం, మా దేశంలో దాన్ని అమ్మ అంటారు అని చెప్పింది. అమ్మ అన్న మాట వినగానే నేను కూర్చుండిపోయాను. ఇంకే నదికీ ఈ మూట ఇచ్చేది లేదని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

ఇక ఆ రైలు సంగతి. అప్పటిదాకా నాకు తెలిసిన రైలు గుంతకల్లు ప్యాసింజరు. ఇక్కడ నలుగురికి ఒక గది, గదికి తలుపు, కిటికీకి తెల్లటి తెర, పడుకోవడానికి ఉతికి ఇస్త్రీ చేసిన దుప్పట్లు. ఇవి మనకేనా, ఎవరైనా వచ్చి లేపుతారా అని నేను చాలాసేపు అంచు మీదే కూర్చున్నాను. బోగీ చివర ఇత్తడి, ఇనుము కలిపి చేసిన పెద్ద నీళ్ల బాయిలరు ఒకటి తెల్లవార్లూ మరుగుతూ ఉంటుంది, ఎవరికి ఎంత కావాలంటే అంత వేడినీళ్లు పట్టుకోవచ్చు. మా ఊళ్లో పెళ్లికి కూడా అన్ని నీళ్లు కాచరు. ఆ బోగీని ఏలేది ఒక ఆడమనిషి. నీలం కోటు, టోపీ, ద్వారబంధమంత భుజాలు. మేము ఆమెకు బోగీ అమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆమె వెండిలాంటి పిడిలో గాజు గ్లాసు పెట్టి టీ తెచ్చి, పక్కన ఒక్కొక్క చక్కెర బిళ్ల పెట్టి, నవ్వకుండా వెళ్లిపోయింది.

గదిలో నాలుగో మనిషి ఒక అవ్వ. తెల్ల గుడ్డ తల చుట్టూ తెచ్చి గడ్డం కింద ముడేసుకుంది. కూతురి ఇంటి నుంచి కజాన్‌కు తిరిగి పోతోందట. ఆమె బుట్ట విప్పి ఉడికించిన గుడ్లు, ఆలుగడ్డలు, దోసకాయలు బల్ల మీద పరిచి మా ముందుకు తోసింది. మేము జొన్నరొట్టెలు, కారం దట్టించిన చెనిక్కాయల (వేరుశనగ) పొడి తీశాం. తినబోతూ అవ్వ పెదాలు కదిపి "బిస్మిల్లా" అంది. రంగులన్న చేతిలో రొట్టె అలాగే ఆగిపోయింది. ఇన్ని వేల మైళ్ల అవతల, తెల్లతోలు, నీలికళ్ల అవ్వ నోట తన ఇంటి మాట. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అవ్వ కళ్లలోనూ తిరిగాయి గానీ అవి చెనిక్కాయల పొడి వల్ల. నీళ్లు తాగి, ముక్కు తుడుచుకుని, "రహ్మత్" అని తన భాషలో కృతజ్ఞత చెప్పి, ఇంకొంచెం పెట్టమని రొట్టె చాపింది.

తొమ్మిదైంది, ఎండ పోలేదు. పదైంది, బయట మన సాయంత్రం ఆరు గంటల వెలుతురు. సూర్యుడు ఇంటికి పోవడం మరిచిపోయినట్టు చెట్ల మీద అలాగే కూర్చున్నాడు. ఆ వెలుతురులో నేను చూసిన పచ్చదనం నా జన్మలో చూడలేదు. మనిషి చేయి పడని గడ్డి, ఎవరూ నీళ్లు పోయని అడవి. మా ఊళ్లో ఒక్క వేపచెట్టును బతికించడానికి అమ్మ స్నానం నీళ్లు మోసేది. ఇక్కడ ఇంత అడవికి ఎవరు మోశారా అని నేను కిటికీకి ముఖం ఆనించి చూస్తూ ఉండిపోయాను. అప్పుడే, ఉన్నట్టుండి, రైలు కింద చక్రాల చప్పుడు మారింది. వంతెన. కింద నిండుగా, నల్లగా, గట్ల దాకా నీళ్లు.

నేను మూట పట్టుకుని గది బయటికి ఉరికాను. ఆ నడవాలో ఒక కిటికీ పైభాగం కిందికి దిగుతుందని ముందే చూసిపెట్టుకున్నాను. సారె విడిచే ముందు కాళ్లు కడుక్కోవాలి కదా, అందుకని మొదట స్నానాల గదిలోకి దూరి పాదాల మీద నీళ్లు పోసుకుని, నేలంతా తడిచేసి, నుదుట కుంకుమ పెట్టుకుని వచ్చేసరికి వంతెన అయిపోయింది. వెనకే వచ్చిన దుబాసీ అమ్మాయి ఏదో అంది. రంగులన్న తర్జుమా చేశాడు.

"అది వాగంట అప్పా. పేరు గూడా ల్యాదంట."

పేరు లేని వాగు! చిత్రావతికి మూడింతలుంది. సరే, ఇకనుంచి కాళ్లు తడి ఆరకుండానే ఉంచుకుందామని నడవాలోనే నిలబడ్డాను. అరగంటకు ఇంకో వంతెన. కిటికీ దించి, మూట నుదుటికి ఆనించుకుని, "గంగమ్మ తల్లీ" అన్నానో లేదో, అమ్మాయి నోట నా మొక్కు సంగతి విన్న అవ్వ వచ్చి నా చేయి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. అదీ కాదట. ఆ తర్వాత ఒక చెరువుకు దండం పెట్టాను. ఒక బురద మడుగు దగ్గర చెప్పులు విప్పాను. అర్ధరాత్రి మసక చీకటిలో ఒక నిజమైన పెద్ద నది వచ్చింది, దాని ముందు నేను మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. అది ఆ వోల్గా అమ్మ కడుపున కలిసే పిల్లనదట. పిల్లే ఇంత ఉంటే తల్లి ఎంత ఉంటుందో అని మూట ఇంకా గట్టిగా పట్టుకున్నాను. నాది తెలివితక్కువే, ఒప్పుకుంటాను. కానీ పారే నీళ్లలో చిన్నవీ పెద్దవీ పోల్చుకోవడం మావాళ్లకు ఎవరు నేర్పారు గనక? మాకు పారేవన్నీ గంగమ్మే.

ఇదంతా బోగీ అమ్మ చూస్తూనే ఉంది. ఆమె కళ్లతో చూస్తే సంగతి ఇలా ఉంది. ఎవడో నల్లటి పరదేశి, వంతెన వచ్చిన ప్రతిసారీ గుడ్డ మూట పట్టుకుని కిటికీ దించుతున్నాడు, నుదుట ఎర్రగా ఏదో పూసుకున్నాడు, స్నానాల గది ఐదుసార్లు తడిపాడు. ఆ దేశంలో వంతెనలకు తుపాకీ పట్టుకున్న కాపలావాళ్లుండే కాలమది, వంతెన మీద ఫోటో తీయడం కూడా తప్పు. ఆమె తుడుపు గుడ్డ పట్టుకుని ఐదోసారి నేల తుడిచి, జేబులోంచి తాళంచెవి తీసి, నడవాలో కిటికీలన్నీ ఒక్కొక్కటిగా బిగించేసింది. నాకప్పుడు నిద్ర ముంచుకొస్తోంది. మంచిదేలే, చలిగాలి రాదు అనుకున్నాను. మూడు గంటలకే తెల్లారింది. ఇంక వోల్గా రావడమే తరువాయి అని మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను.

అవ్వ నా భుజం పట్టి కుదిపి లేపింది. కిటికీ వైపు చేయి చూపించి ఒకే మాట అంది. "వోల్గా."

ఆ మాట అక్కర్లేదు, చూడగానే తెలిసింది. దాన్ని నది అనడానికి నాకు నోరు రాలేదు. ఆకాశం నేల మీదికి దిగి పడుకున్నట్టుంది. పొద్దుటి ఎండ దాని మీద పడి కళ్లు తెరవనివ్వడం లేదు. ఒక ఓడ, మా ఊరి మిద్దెల వీధంత ఓడ, దాని మధ్యలో పోతూ ఉంటే అది చీమలా ఉంది. రైలు వంతెన మీద పోతూనే ఉంది, నీళ్లు అయిపోవడం లేదు. ఇన్ని నీళ్లు ఉండగా మా అమ్మ రెండు బిందెల కోసం తెల్లవారుజామున బావి దగ్గర వరసలో నిలబడిందా అనిపించి, ఆనందమో దుఃఖమో తెలియని ఏడుపు వచ్చింది.

తేరుకుని కిటికీ దగ్గరికి ఉరికాను. అది కదల్లేదు. పక్క కిటికీ కదల్లేదు. బోగీ అమ్మ నడవాలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. దుబాసీ అమ్మాయి బతిమాలింది, రంగులన్న ఉర్దూలో బతిమాలాడు, అవ్వ తన భాషలో గట్టిగా ఏదో అంది. బోగీ అమ్మ తల అడ్డంగానే ఊపింది. నేను అద్దానికి మూట ఆనించి నిలబడ్డాను. అద్దానికి అటు పదిహేడేళ్ల మొక్కు తీర్చుకునేంత నీళ్లు, ఇటు నేను. వంతెన అయిపోయింది. చక్రాల చప్పుడు మళ్లీ మామూలైంది. నేను ఆ నేల మీదే కూర్చుని, ఇరవై మూడేళ్లవాణ్ణని కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చాను. కిటికీలు బిగింపజేసుకున్నది నేనే కదా. ఆ పేరు లేని వాగుకు అంత హడావుడి చేయకుండా ఉంటే ఆమె అసలు నన్ను పట్టించుకునేదే కాదు.

కాసేపటికి బోగీ అమ్మ టీ తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడూ నవ్వలేదు. ఈసారి మాత్రం గ్లాసు పక్కన చక్కెర బిళ్లలు నాలుగు ఉన్నాయి.

కజాన్‌లో దిగాక నది దగ్గరికి తీసుకుపోతారా అని అడిగించాను. మూడు రోజులూ హోటలు, హాలు, మళ్లీ హోటలు, ఆఖరి రోజు విమానం, ఇంకెక్కడికీ అనుమతి లేదని తేలింది. అవ్వ అంతా వింటూ ఉంది. రైలు ఆగబోతుండగా నా ముందు రెండు చేతులూ చాపింది. తన ఇల్లు ఆ నది ఒడ్డునేనట, తాను విడుస్తానంటోందట. నేను మూట గుండెలకు అదుముకున్నాను. నా చేత్తోనే విడవాలి కదా. పైగా ఆమె ఎవరో, ఎక్కడుంటుందో.

రంగులన్న నెమ్మదిగా నా భుజం మీద చేయి వేశాడు. "ఆ ముసలామెను చూడప్పా. మా దాదీ మాదిరే ఉండాది. నువ్వు ఎనక్కి మోసుకపోతే మీ అమ్మ మళ్ల మోయల్ల గదా. ఇచ్చేయ్" అన్నాడు.

ఇచ్చాను. ఆమె దాన్ని అపురూపంగా అందుకుని, బుట్టలో దోసకాయల పక్కన కాకుండా, కోటు లోపల పెట్టుకుంది.

తర్వాత మూడు రోజులు హాల్లో నేను నేసిన నేత చూస్తే మా నాయన నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. చుట్టూ జనం జరీని చూసి మెచ్చుకుంటుంటే నా మనసు ఆ మూట మీద ఉండేది. అవ్వ విడిచిందా? గాజులు బాగున్నాయని మనవరాలికి ఇచ్చిందా? రష్యన్ పోలీసులు పట్టుకున్నారా? పోగులు తెగేవి, పువ్వు తప్పేది. తప్పిన పువ్వును కూడా ఫోటోలు తీసుకున్నారు పాపం.

మూడో రోజు మధ్యాహ్నం జనంలోంచి తెల్ల తలగుడ్డ కనబడింది. అవ్వ మగ్గం దగ్గరికి వచ్చి, నా ముందు నిలబడి, చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది. అల ఎలా లేచిందో, పడవ ఎలా ఊగిందో ఆ చేతుల్లోనే కనిపించింది. దుబాసీ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ రంగులన్నకు కొంచెం చెప్పింది. ఆయన నాకు చెప్పింది ఇంతే:

"ఇడిచినాదంట. పడవెక్కి పోయి, నడి ఏట్లో."

అవ్వ సంచిలోంచి బిరడా బిగించిన ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. నిమ్మకాయ సోడా సీసా, దాని మీద వాళ్ల అక్షరాలు, లోపల నీళ్లు. సారె విడిచిన చోట ముంచిన నీళ్లట. అంత దూరాన ఉన్న మీ అమ్మ ఈ ఏరును చూడాలి కదా అందట. నేను మగ్గం మీంచి లేచి ఆమె కాళ్లకు దండం పెట్టాను. ఆమె కంగారుపడి వెనక్కి జరిగి, నా తల నిమిరింది.

ఇంటికి చేరాక అమ్మ అడిగిన మొదటి మాట నేను తిన్నానా అని కాదు. "నీ చేత్తోనే ఇడిస్తివా?" అని. విమానంలో కళ్లు మూసుకుని వల్లె వేసుకున్న ప్రకారం ఊఁ అన్నాను. ఆమె ముఖంలో పదిహేడేళ్ల బరువు దిగిపోవడం కళ్లారా చూశాను. చూశాక అబద్ధం నిలవలేదు. మరునాడు పొద్దున కిటికీ దగ్గర నుంచి సీసా దాకా మొత్తం చెప్పేశాను. అమ్మ సీసాను వెలుతురుకు పట్టి చూస్తూ కూర్చుంది.

"ఆయమ్మకు నువ్వేమైతావని అంత లోతు నీళ్లలోకి పోయింది?" అంది.

"ఏమీ కానమ్మా."

"నేను నా బిడ్డ కోసరం మొక్కుకుంటి. ఆయమ్మ ఎవురి బిడ్డ కోసరమో పడవెక్కింది. నా మొక్కు కన్నా ఆయమ్మ చెయ్యే పెద్దది నాయనా. తీరిపాయ పో."

ఆ సాయంత్రం అమ్మ నన్ను తీసుకుని చిత్రావతికి పోయి, ఇసుక మధ్యలో కూర్చుని, సగం సీసా ఒంపింది. ఇంత దూరం వచ్చినావు తల్లీ, దావ తెలిసింది గదా, మళ్లీ వస్తాండు అని చెప్పింది. ఇసుక ఆ నీళ్లను రెప్పపాటులో తాగేసింది. దీనికి కొంచెమైనా మర్యాద ల్యాదు అని ఏటిని తిట్టింది. (ఆ ఏడు వాన రాలేదు. మరుసటి ఏడూ పెద్దగా రాలేదు. కానీ ఆనాటి నుంచి నేను తుమ్మితే అమ్మ పట్టించుకోవడం మానేసింది.) మిగతా సగం, ఆమె ఉన్నన్నాళ్లూ, మూట ఉండిన దేవుడి గూట్లోనే ఉంది.

మొన్న పని మీద విజయవాడ పోతూ ఏసీ బోగీలో కూర్చున్నాను. కిటికీలు తెరుచుకోవు, ఎవరూ తాళం వేయనక్కర్లేదు, పుట్టుకతోనే మూసుకుని ఉన్నాయి. ఇంకా తెల్లవారలేదు, నాకేదో కునుకు. చక్రాల చప్పుడు మారింది. కళ్లు తెరిస్తే కింద గట్ల దాకా నీళ్లు. ఈ వయసులో, ఈ మోకాళ్లతో, ఎలా లేచానో తెలియదు, అద్దానికి నుదురు ఆనించి రెండు చేతులూ జోడించాను. పక్క సీటాయన జాలిపడి, "ఇది కృష్ణ కాదండీ, పంట కాలువ. కృష్ణ ఇంకా రాలేదు" అన్నాడు.

తెలుసులెండి అని, చేతులు దించకుండానే, ఆ నీళ్లు దాటిపోయేదాకా నిలబడ్డాను. నిజానికి తెలియదు.